అక్కను పంపేసిన మంచి స్కూలు

తాడేపల్లిగూడెంలో నాకు తెలిసినవాళ్ళలో చదువుకునే పిల్లలున్న ప్రతివాళ్ళూ ఎండాకాలం వచ్చేసరికి నన్ను ఒకటే మాట అడుగుతారు. "మేడమ్, మంచి స్కూలేదో మీరే చెప్పండి." కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి ఆ సంగతి నాకు తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. నేను ఏదో ఒక పేరు చెబుతాను. సాధారణంగా అది వాళ్ళు అప్పటికే ఖాయం చేసుకున్న పేరే అయి ఉంటుంది, సంతోషంగా వెళ్ళిపోతారు. నిజానికి నా ఎరికలో మంచి స్కూలు ఒక్కటే. అది కొల్లేటి అంచున తాటాకు కప్పు కింద ఉండేది. దాన్ని నడిపిన మనిషికే అది మంచి స్కూలని తెలియలేదు. తెలిసి ఉంటే మా ఇంట్లో చాలా విషయాలు వేరేగా జరిగేవి.

మొన్న వేసవిలో ఆ మాట అడగకుండానే ఫోన్ చేసింది మా అక్క. అక్క పేరు కరుణ. ఆకివీడులో కొడుకు దగ్గర ఉంటుంది. కొడుకు చేపల లోడు లారీ తోలుతాడు. వాడి కూతురు స్నేహకి ఐదో తరగతి అయిపోయింది, చురుకైన పిల్ల.

"విమలా, స్నేహని మీ ఊళ్ళో ఆ హాస్టలు స్కూల్లో వేద్దామనుకుంటున్నామే. ఎల్లుండి తీసుకొస్తున్నాం. నువ్వు కూడా మాతో రావాలి. వాళ్ళతో మాట్లాడ్డం మాకేం చేతనవుతుంది?"

ఏ స్కూలని అడిగాను. చెప్పింది. హైవే పక్కన అద్దాల భవనం, గేటుకి అటూ ఇటూ ర్యాంకులొచ్చిన పిల్లల మొహాలు బారులు తీరి ఉంటాయి.

"అక్కా, నువ్వేనా ఈ మాటంటున్నది?"

"నేనే. పొద్దున్నే బయల్దేరి వస్తాం, టిఫిను చేసి ఉంచు," అని పెట్టేసింది.

ఫోన్ పక్కన పెట్టాక ఆ సాయంత్రమంతా నేను మనసులో మా పుట్టినూళ్ళోనే ఉన్నాను. ఆకివీడుకి పడమటి వైపు, చేపల చెరువులు తవ్వకముందు నీళ్ళకీ నేలకీ మధ్య గట్టు అనేది లేని కాలంలో ఉన్న ఊరు. వానాకాలంలో కొల్లేరు మా వీధి చివరిదాకా వచ్చేది, ఎండాకాలంలో చాలా దూరం వెళ్ళిపోయి బురదనీ ఎండిన నాచు వాసననీ మాకు వదిలేది. మా నాన్నగారు మిషను బడి మేష్టారు. ఆదివారం గుడి అయిన పాకే సోమవారం నుంచి బడి. పక్కనే ఉన్న రెండు గదుల ఇల్లు మాది. పొద్దున్నే నాన్నగారు ప్రార్థన చేసేవారు, అమ్మ ఒక చెవి ప్రార్థన మీదా ఒక చెవి పొయ్యి మీదా పెట్టి కళ్ళు మూసుకునేది. ఆమెన్ అనగానే చద్దన్నంలోకి కాల్చిన ఎండుచేప. తర్వాత నాన్నగారు ఉతికిన పంచె కట్టుకుని, దూలానికి వేలాడే రైలుపట్టా ముక్క మీద ఇనపకడ్డీతో కొట్టేవారు. శనివారాలు నల్లబల్లకి పూత పూసేవాళ్ళం. బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి, గుడ్డతో రుద్దడం. ఆ పచ్చివాసన నాన్నగారి చేతులకి సోమవారం దాకా ఉండేది. ఆ చేతులతోనే మా తలలు నిమిరేవారు కాబట్టి నాకు చదువు వాసనంటే ఇప్పటికీ అదే.

అక్క నాకంటే ఏడాది పెద్ద. చెప్పింది చెప్పినట్టు గుర్తుపెట్టుకునేది. ఆదివారం వాక్యం విని వచ్చి అమ్మకి మొత్తం అప్పజెప్పేది, పాదిరిగారి దగ్గుతో సహా. కానీ అక్షరాలు మాత్రం దానికి లొంగేవి కావు. 'బ' రాయమంటే 'జ' రాసేది, ఒక పంక్తి చదువుతూ పై పంక్తిలోకి వెళ్ళిపోయేది. ఇప్పుడైతే దానికో పేరుంది, డాక్టర్లున్నారు. అప్పుడు మా ఊళ్ళో దానికి పేరు లేదు, దాన్ని తెలివితక్కువ అనేవాళ్ళు కూడా లేరు, ఎందుకంటే మేష్టారు అనలేదు.

"అక్షరాలు కదులుతున్నాయి నాన్నా," అనేది అక్క.

"కదిలితే కదలనీ. అవి కుదురుగా కూచునేదాకా మనమూ కూచుందాం," అనేవారు నాన్నగారు. దాన్ని నీటి ఒడ్డుకి తీసుకెళ్ళి తడిబురదలో వేలితో పెద్దపెద్ద అక్షరాలు రాయించేవారు. అలా రాస్తే దానికి నిలిచేవి.

ఆ బడిలో ఒక పద్ధతి ఉండేది. పాఠం బల్ల మీద రాశాక, తుడిచే ముందు నాన్నగారు గుడ్డ చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగి, "ఇంకా ఎవరన్నా రాస్తున్నారా?" అని అడిగేవారు. ఎవరైనా చెయ్యెత్తితే గుడ్డ కింద పెట్టేసేవారు. దాదాపు ప్రతిసారీ చివరి చెయ్యి అక్కదే. అది రాసేదాకా అందరమూ ఆగేవాళ్ళం. ఆ ఖాళీలో కొందరం తుంగపోచలు జడలల్లేవాళ్ళం, కొందరు ఎక్కాలు గొణుక్కునేవారు. దానికోసం ఆగడం మాకు విసుగనిపించేది కాదు, అక్కకి సిగ్గనిపించేది కాదు. చలికాలం పొద్దున ఎండ ఆలస్యంగా వస్తే ఎవరి మీద కోప్పడతాం? అలాంటిదే అది. మంచి స్కూలు గురించి తర్వాత నేను చాలా పుస్తకాలు చదివాను, సెమినార్లలో మాట్లాడాను. ఆ గుడ్డ కింద పెట్టేయడానికి మించిన సంగతి ఎక్కడా దొరకలేదు.

కానీ నాన్నగారికి మనసులో ఒక దిగులుండేది. ఒకసారి ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, "మీ బడిలో అందరికంటే బాగా చదివేదెవరు మేష్టారూ?" అని అడిగారు.

"ఒకరని చెప్పలేనండి. ఒక్కొక్కళ్ళు ఒక్కోదాంట్లో బావుంటారండి."

"అలాగైతే మీ స్కూలు స్టాండర్డ్ ఎలా తెలుస్తుందండీ?"

ఆ పూట నాన్నగారు అన్నం సరిగ్గా తినలేదు. "నిజమేగా, స్టాండర్డు అంటూ ఒకటుండాలిగా," అని అమ్మతో అన్నారు. అమ్మకి ఆ మాట తెలియదు. "ఉంటే ఎక్కడికి పోద్దండీ, తినండి," అంది.

స్టాండర్డంటే నాన్నగారికి ఏలూరే. అక్కడ మిషను వాళ్ళ ఆడపిల్లల స్కూలొకటి ఉండేది. ఏదో పని మీద ఒకసారి ఆయన ఆ ఆవరణలోకి వెళ్ళారు. మొహం కనిపించేలా మెరిసే ఎర్రగచ్చు, ఒకే రకం జడలు వేసుకుని వరసగా నడిచే పిల్లలు, లోపలెక్కడో ఇంగ్లీషులో కీర్తన. ఇంటికొచ్చి ఆ గచ్చు గురించి ఎన్నిసార్లు చెప్పారో! ఆ స్కూలు నుంచి పరీక్షకెళ్ళిన పిల్ల తప్పడమంటూ లేదట. మాకు హాస్టల్లో సీట్లివ్వమని పాదిరిగారి చేత చెప్పించుకుని, ఒకరికొకరు తోడుంటామని ఇద్దర్నీ ఒకే తరగతిలో చేర్చారు. బస్సు దిగి గేటు దగ్గర చెప్పులు విప్పేశారు. విప్పక్కర్లేదని వాచ్‌మన్ చెప్పినా చేత్తో పట్టుకునే నడిచారు.

లోపల ఫినాయిలు వాసన, గోధుమనూక ఉప్మా వాసన. బెల్లుకి లేవడం, బెల్లుకి స్నానం, బెల్లుకి ప్రార్థన. టీచర్లు చెడ్డవాళ్ళు కారు. పాఠం స్పష్టంగా చెప్పేవారు, బల్ల మీద ముత్యాల్లాంటి అక్షరాలు రాసేవారు, రాసి వెంటనే తుడిచేసేవారు. మొదటి రోజు అక్క చెయ్యెత్తింది. టీచరు "ఏమ్మా, డౌటా?" అని అడిగింది. "ఇంకా రాయడం అవలేదండి," అంది అక్క. తరగతంతా నవ్వింది. టీచరు కూడా, చెడ్డగా కాదు, ముద్దుగానే నవ్వి, "పక్కమ్మాయి పుస్తకంలో చూసి రాసుకో," అని తుడిచేసింది. ఆ తర్వాత అక్క చెయ్యెత్తడం మానేసింది. సాయంత్రాలు నేను చదివి వినిపించేదాన్ని, విని గుర్తుపెట్టుకునేది. నోటితో అడిగిన ప్రశ్నకి తడుముకోకుండా చెప్పేది. కాగితం మీద మాత్రం మార్కులు రాలేదు. ప్రతి నెలా మార్కులు చదివే రోజు నేను ఉప్మా ముట్టుకునేదాన్ని కాదు. మంచి మార్కులు నావే అయినా ముట్టుకునేదాన్ని కాదు. అక్కడ పై నుంచి కింద దాకా అందరికీ భయమే. కిందివాళ్ళకి పోతామని, పైవాళ్ళకి దిగిపోతామని.

తొమ్మిదో తరగతి చివర్లో నాన్నగారిని రమ్మని కబురు పెట్టారు. మా ఇద్దర్నీ ఆఫీసు గది వరండాలో నిలబెట్టారు. తలుపు తీసే ఉంది. హెడ్‌మిస్ట్రెస్ మెత్తని మనిషి, గొంతు పెంచడం మేమెప్పుడూ వినలేదు.

"కూర్చోండి మేష్టారూ."

"పర్లేదండి."

"మీ పెద్దమ్మాయి చాలా మంచి పిల్లండి. పెద్దలంటే గౌరవం, చక్కగా ప్రార్థన చేస్తుంది. కానీ వచ్చే ఏడు పబ్లిక్ పరీక్ష కదండీ. మా స్కూల్లో ఇంతవరకూ ఒక్క పిల్ల కూడా తప్పలేదు. ఆ పేరు మీకు తెలుసుగా."

"తెలుసండి."

"ఆ పేరు చూసేగా మీరు ఇంత దూరం తెచ్చి చేర్చారు?"

"అవునండి."

"మరి మీరే చెప్పండి, నన్నేం చెయ్యమంటారు?"

ఆవిడే ఇంకా మెత్తగా చెప్పింది. ఇక్కడే ఉంచితే తొమ్మిదిలో తప్పినట్టు రాయాల్సొస్తుందట. ఇప్పుడే టీసీ తీసుకుంటే పాసైనట్టు రాసిస్తుందట, ఇంకెక్కడైనా చేర్చుకోవచ్చట. "చిన్నమ్మాయి గురించి మీరేం దిగులు పడొద్దండి. ఆ పిల్ల మాకు కావాలి," అంది.

ఆ క్షణంలో నాన్నగారు ఏదో ఒకటి అంటారని నేను ఎదురుచూశాను. ఊళ్ళో పెద్దరైతులు కూలిపిల్లల్ని కోతలకి లాక్కెళ్తుంటే పొలంగట్టు మీద నిలబడి, "పిల్లల్ని వదలండయ్యా," అని గట్టిగా అడిగిన మనిషి ఆయన. ఈ పిల్ల వాక్యాలు అప్పజెప్పగలదని, కొంచెం ఆగితే చాలని, ఆగడం ఎలాగో నాకు తెలుసని అంటారనుకున్నాను. అక్క కూడా అలాగే అనుకుందని దాని మొహం చూస్తే తెలిసింది.

"అలాగేనండి," అన్నారు నాన్నగారు. చేతులు జోడించి, "మీకు శ్రమ కలిగించాం," అన్నారు.

అక్క ఏడవలేదు. పెట్టె సర్దుకుంటూ, "నీ రిబ్బన్లు ఏవైనా నా దాంట్లో కలిసిపోయాయేమో చూసుకో," అంది. నాన్నగారి వెనకాలే నడిచి, గణపవరంలో బస్సు మారి ఇంటికెళ్ళిపోయింది. హాస్టల్లో దాని చోట ఆ సాయంత్రానికే ఇంకో పిల్ల పెట్టె వచ్చింది. అక్క పేరెత్తితే అదేదో అంటుకుంటుందన్నట్టు ఎవరూ ఎత్తలేదు. మరుసటి ఏడు మా స్కూలు పేరు ఎప్పట్లాగే నిలబడింది.

ఆ సెలవులకి ఇంటికెళ్తే అక్క వంటింట్లో ఉంది. నాన్నగారు పుస్తకాలు ముందు పెట్టి, "రామ్మా, ఇంట్లోనే చదువుకుందువుగాని," అన్నారు. "వద్దండి," అంది అక్క. పుట్టిన దగ్గర్నుంచీ "నాన్నా" అని పిలిచిన మనిషి చివర్న "అండి" చేర్చింది. గౌరవంగానే అంది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పి చూసింది, నాన్నగారు పుస్తకాలు తీసేశారు. తర్వాత నాట్లకెళ్ళింది, కుప్పలకెళ్ళింది, సంబంధం వచ్చిందని చెబితే, "అలాగేనండి," అంది. ఆ మాట అది నాన్నగారి దగ్గరే నేర్చుకుంది, జీవితాంతం ఆయనకే తిరిగి చెప్పింది.

అన్నిటికంటే నన్ను మండించేది ఇది కాదు. ఆ ఏడాది నుంచి నాన్నగారు తన బడిని మార్చేశారు. పిల్లల్ని మార్కుల వరసలో కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. నేను సెలవుల్లో చూస్తుండగానే ఒకరోజు వెనక వరసలో ఒక పిల్ల చెయ్యెత్తితే, "ఇంటికెళ్ళి రాసుకో," అని బల్ల తుడిచేశారు. కిటికీ అవతల అక్క గేదెకి కుడితి పెడుతోంది. తొట్టె దగ్గర అలాగే నిలబడిపోయింది. తర్వాతి తనిఖీలో ఇన్‌స్పెక్టరుగారు మెచ్చుకున్నారు. ఊరివాళ్ళు కూడా మెచ్చుకున్నారు, బడి బాగుపడిందన్నారు. అలా బాగుపడిన బడి కంటే బాగుపడినవి ఆకివీడులో చాలా ఉన్నాయని కొన్నేళ్ళకి అందరికీ తెలిసింది. ఒక్కొక్కరే పిల్లల్ని వ్యాన్లు ఎక్కించారు. ఇప్పుడా చోట చెరువుల వాళ్ళు చేపల మేత బస్తాలు వేసుకుంటున్నారు. నాన్నగారు మాత్రం పోయేదాకా ఏలూరు స్కూలుని ఒక్క మాట అననివ్వలేదు. నేను కోపంతో ఏదన్నా అంటే, "అలా అనకమ్మా. ఆవిడ చెప్పింది న్యాయమేగా. నిన్ను మనిషిని చేసిన స్కూలది," అనేవారు. పక్కనే కూర్చుని చేపలు కడుగుతున్న అక్కని ఎవరు ఏం చేశారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

అలాంటి అక్క, కొడుకునీ మనవరాలినీ వెంటబెట్టుకుని, పట్టుచీర కట్టుకుని, చెప్పిన రోజున చెప్పిన వేళకి వచ్చింది. ఇడ్లీ తిని బయల్దేరాం. అడ్మిషన్ల గదిలో ఏసీ చల్లగా ఉంది. టై కట్టుకున్న కుర్రాడు నేను లెక్చరర్‌గా చేశానని తెలిశాక నాతోనే మాట్లాడాడు. స్నేహకి ఏదో పరీక్ష పెట్టి, బాగా రాసిందని, మొదటి సెక్షన్లో సీటిస్తామని చెప్పాడు. అక్క అప్పుడు నోరు విప్పింది.

"ఏవండీ, రేపు మా పిల్ల వెనకబడితే ఏం చేస్తారండి?"

"సెక్షన్ మారుస్తామండి. ప్రతి నెలా టెస్టులుంటాయి కదండీ."

"అక్కడా వెనకబడితేనో?"

"అంతదాకా రాదండి. ఒకవేళ వస్తే పేరెంట్స్‌ని పిలిచి చెప్తామండి. పిల్లకి సరిపడే స్కూలు వేరే చూసుకోమని."

"మర్యాదగానే చెప్తారా?"

కుర్రాడికి ఆ ప్రశ్న అర్థంకాలేదు. అయినా నవ్వాడు. "చాలా మర్యాదగా చెప్తామండి. మన దగ్గర గొంతు పెంచి మాట్లాడేవాళ్ళే ఉండరు."

అక్క తలూపింది. కొడుకు వైపు తిరిగి, "చేర్పించెయ్యిరా," అంది.

వాళ్ళు హాస్టలు గదులు చూడ్డానికి లోపలికెళ్తే మేమిద్దరం బయటికొచ్చి చెరుకురసం బండి నీడలో నిలబడ్డాం. నాకు ఒళ్ళు మండిపోతోంది.

"ఎలా ఒప్పుకున్నావే? అచ్చం ఆ ఏలూరు ఆవిడ మాటలేగా అవి?"

"అవును. అవే మాటలు. గొంతు కూడా అలాగే ఉంది."

"రేపు స్నేహని కూడా అలాగే పంపేస్తే?"

"పంపేస్తే తీసుకెళ్తాం." అక్క చేతిలో చెరుకురసం గ్లాసు తిప్పింది. "విమలా, పెళ్ళికెళ్తే నిన్ను ముందు వరసలో కుర్చీ వేసి కూచోబెడతారు. నన్ను వంటల దగ్గరికి పిలుస్తారు. ఇద్దరం ఆ మేష్టారి కూతుళ్ళమే. బయటుంటే ఏమవుద్దో నాకు తెలుసు. దాన్ని లోపల ఉండనీ."

"లోపల ఏం చేస్తారో నీకు తెలీదక్కా."

"ఎలా తెలుస్తుంది? నన్ను ఉండనివ్వలేదుగా," అంది.

ఇంత చదువూ చదివి, ఇంతమందికి పాఠాలు చెప్పి, నేను రెండు గ్లాసులూ బండివాడికి తిరిగిచ్చేశాను. ఆగే బడి ఎక్కడైనా ఉంటే చూపించమని అది అడిగి ఉంటే, చూపించడానికి నాకు ఒక్కటి కూడా తెలియదు.

స్నేహ ఇప్పుడు ఈ ఊళ్ళోనే ఉంది. చూడనిచ్చే ఆదివారాల్లో క్యారేజీ పట్టుకుని నేనే వెళ్తాను. కొంచెం చిక్కింది. మార్కులు బాగా వస్తున్నాయి, ర్యాంకు చెబితే అక్క ఫోన్లో మురిసిపోతుంది. మొన్న వెళ్ళినప్పుడు, ఎప్పుడూ దానితోపాటే పరిగెత్తుకొచ్చే పొట్టిపిల్ల కనబడలేదు. ఉంగరాల జుట్టు, పక్క మంచమే. మా చేపల పులుసంటే ప్రాణం పెట్టేది, దానికని కూడా కలిపే తెచ్చేదాన్ని.

"నీ ఫ్రెండేదమ్మా?" అని అడిగాను.

"వెళ్ళిపోయింది చిన్నమామ్మా. టీసీ ఇచ్చేశారు," అంది స్నేహ, అన్నం కలుపుకుంటూ.

"అయ్యో! నీకు బాధనిపించలేదా?"

ముద్ద నోటి దగ్గర ఆపి నా వైపు చూసింది. ఆ కళ్ళలో గడుసుతనం లేదు, కరకుతనం లేదు. నిజంగానే తెలియక అడిగింది.

"దేనికి, చిన్నమామ్మా?"